నవాబు నీళ్లగిన్నె

కూతురు సానియా కాన్పుకని గూడూరు పోతూ జమాల్‌బీ మొగుడికి అప్పగించింది ఇంటిని కాదు, ఎండుచేపల కొట్టునూ కాదు, పిల్లిని. దాని పేరు నవాబు. తెల్లటి గండుపిల్లి. శ్రీహరికోటలో రాకెట్టు లేచిందంటే పరుగున వచ్చి ఆమె చీర కుచ్చెళ్లలో దూరేది.

"ఉప్పు చేప పెట్టొద్దయ్యా. పచ్చి చేప ఉడకబెట్టి, ముల్లు తీసి పెట్టు. గిన్నెలో నీళ్లు మారుస్తా ఉండు. ఒంటికి పోతా ఉండాదో లేదో కనిపెట్టుకో" అంది ఆటో ఎక్కుతూ.

"నాకెప్పుడన్నా ఇన్ని జాగర్తలు చెప్పినావా?" అన్నాడు దరియావలి. "దాహమైతే అదే ఎక్కడన్నా తాగుతాదిలే, పో."

జమాల్‌బీ నవ్వలేదు. "మాట్లాడే నోరుంటే అదే అడుక్కునేది. దానికి లేదు కాబట్టే నీకు చెప్తా ఉండా" అంది.

దరియావలికి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎండుచేపల వ్యాపారమే. ఆ వ్యాపారానికి నీళ్లే పగ. కళ్లంలో చేప ఆరేటప్పుడు చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. దాహమేసిన కూలీలను కూడా కళ్లం బయటికి పోయి తాగమనే మనిషి, పిల్లి కోసం కళ్లం అంచున నీళ్లగిన్నె ఉండనిస్తాడా? ఆమె ఆటో మలుపు తిరగ్గానే దాన్ని బోర్లించేశాడు. చుట్టుపక్కల ఉన్నది ఉప్పుకాలవే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇక ముల్లు తీసే ఓపిక ఎవరికుంది? గుప్పెడు ఎండు నెత్తళ్లు విసిరేవాడు. "నీ నవాబు దర్జాగా తింటా ఉండాడు" అని ఫోనులో గొప్పలు పోయాడు కూడా.

కొన్నాళ్లకు పిల్లి మూలమూలకూ పోయి ముక్కుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. కడుపు బిగిసింది అనుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరికి కడుపు బిగిసినా మందు ఆముదమే. నోరు తెరిచి చెంచాడు పోశాడు. సాయంత్రం ఇంకో చెంచా. మర్నాటికి నవాబు లేవలేకపోయింది, పొట్ట తాకితే అరిచింది. అప్పుడు గోతంలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ పొట్ట తడిమి చూసింది. "పేగు కాదండీ, మూత్రం బిగిసింది. మగపిల్లులకు ఇది ప్రాణం మీదికొస్తుంది. ముక్కుతున్నప్పుడే తేవాల్సింది. నీళ్లు బాగా తాగేదా?"

నవాబు ఆ బల్ల మీదే పోయింది.

జమాల్‌బీ వచ్చి ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

"నీళ్లు పెట్టినావా?" అనడిగింది.

"పెట్టినా."

ఆమె కళ్లం దగ్గరికి పోయింది. గిన్నె బోర్లా పడి ఉంది, అడుగున ఉప్పు పేరుకుపోయి. దాన్ని తెచ్చి కడిగి తుడిచి అలమరలో పెట్టింది.

మధ్యాహ్నం అన్నం వడ్డించింది. చేప కూరలో ముళ్లు కూడా తీసిపెట్టింది. పెళ్లయిన నాటి నుంచీ నీళ్లచెంబు లేకుండా ఆమె కంచం పెట్టింది లేదు. ఇవాళ చెంబు లేదు. ముద్ద గొంతులో అడ్డంపడి దరియావలి అటూ ఇటూ చూశాడు.

"మే, నీళ్లు..."

జమాల్‌బీ కంచం వంక కూడా చూడకుండా లేచింది.

"దాహమైతే నువ్వే ఎక్కడన్నా తాగుతావులే" అంది.