నిజం చెబితే తిట్టని ఇల్లు

ఆ ఇంట్లో ఒకే ఒక చట్టం ఉంది: నిజం చెబితే తిట్టకూడదు. చేసింది అమ్మే. గోడ అద్దం ఎవరు పగలగొట్టారో ఎంతకీ తేలక, నెత్తీ నోరూ బాదుకుని, ఓపిక నశించి ఆ మాట జారింది. ఇద్దరు పిల్లలున్న మనిషి చట్టాలు చేయకూడదని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆరేళ్ల పెద్దవాణ్ణి ఇంట్లో లాయరు అంటారు. మూడేళ్ల చిన్నది తోక, అన్న ఎటు వెళితే అటే కాబట్టి. ఇదివరకు లాయరు పాలు ఒలకబోసి దాక్కునేవాడు. చట్టం వచ్చాక తిన్నగా వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి చెబుతున్నాడు. ఆమె పళ్లు నూరుకుంటూ నేల తుడుస్తోంది.

ఆమె దర్జీ. పిల్లలు పుట్టకముందు బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. చీకటితో వెళితే మళ్లీ చీకటిపడ్డాకే రావడం. ఇప్పుడు ముందు గదిలో మిషన్ వేసుకుంది గానీ, వచ్చే పని ఇంటికి చాలడం లేదు. క్లినిక్ డాక్టరమ్మ ముందు మచ్చుకని ఒక తెల్లకోటు కుట్టమంది. నచ్చితే తన సిబ్బందికి అలాంటివే పద్దెనిమిది కుట్టిస్తుంది. నచ్చకపోతే వచ్చే నెల నుంచి మళ్లీ ఫ్యాక్టరీ, పిల్లలు పక్కింటివాళ్ల దయ. అందుకే ఆమె ఆ కోటును పసిబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్తగా కుట్టింది. నిజం చెప్పాలంటే, బిడ్డలకు అంత జాగ్రత్తగా ఎన్నడూ చేయించలేదు.

కొత్త కోటు జేబుల నోళ్లు కచ్చా కుట్టు వేసి మూసేస్తారు, ఎవరూ చెయ్యి పెట్టి సాగదీయకుండా. ఇచ్చేటప్పుడు ఆ దారం లాగేస్తారు. ఈ సంగతి దర్జీలందరికీ తెలుసు. లాయరుకు తెలియదు.

డాక్టరమ్మ నాలుగింటికి వస్తానంది. మూడున్నరకు లాయరు వంటింట్లోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ఆమె చెయ్యి నేల తుడిచే గుడ్డ మీదికి వెళ్లింది.

"అమ్మా, నిజం చెప్తున్నా. నువ్వు కోటు జేబు మూసేసి కుట్టేశావు."

"అయితే?"

"డాక్టరుగారు నిన్ను తిడతారని, నేను కత్తిరించి తెరిచా."

"నేను పట్టుకున్నా," అంది వెనకనుంచి తోక.

దారమొక్కటే తెగి ఉంటే ఎంత బాగుండేది! జేబుతో పాటు వెనకున్న కోటు గుడ్డ కూడా జానెడు తెగింది. ఆమె నోరు తెరిచింది. చట్టం గుర్తొచ్చి మూసుకుంది. వెళ్లి ఆడుకోమంది.

అతుకు వేస్తే తెల్లగుడ్డ మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిషన్ పాడైందని చెప్పి రెండ్రోజులు గడువు అడగడం ఒక్కటే దారి. కోటు మడిచి బుట్టలో దాచింది.

డాక్టరమ్మ సరిగ్గా నాలుగింటికే వచ్చింది.

"ఏమ్మా, అయిందా?"

"మిషన్ పాడైందండీ, అందుకని..."

"బాగానే ఉందిగా అమ్మా! పొద్దున కూడా కుట్టావు," అన్నాడు లాయరు. "నిజం చెప్పేయ్. తిట్టరులే."

ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోటు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఎప్పుడు కట్టుకుందో, తన చేతులూ కట్టుకునే ఉన్నాయి.

"మిషన్ బాగానే ఉందండీ. మావాడు జేబు కత్తిరించాడు. నేను అబద్ధం చెప్పాను."

నిజం చెప్పడానికి ఇంత భయం వేస్తుందా? పాలు ఒలికిన ప్రతిసారీ వాడు ఈ భయంతోనే కదా తన దగ్గరికి నడిచి వచ్చింది!

డాక్టరమ్మ జేబులో చెయ్యి పెట్టింది. చెయ్యి అటువైపు బయటికి వచ్చింది. వేళ్లు ఆడించి, కాసేపు వాటినే చూసింది.

"మీకంటే ముందు ముగ్గురు దర్జీలకు ఇచ్చానమ్మా. నేను అడగడానికి వెళ్లిన రోజే ముగ్గురి మిషన్లూ పాడయ్యాయి," అంది. కోటు తిరగేసి కాలరు, చేతులు చూసింది. "కుట్టు బాగుంది. పద్దెనిమిదీ మీరే కుట్టండి. జేబులు మాత్రం మీ చేత్తోనే తెరవండి."

డాక్టరమ్మ వెళ్లిపోయాక లాయరు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చెప్పానా, తిట్టరని?"

అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుని, ఊపిరాడటం లేదని గింజుకునేదాకా వదల్లేదు.

తోక ముందుకొచ్చి చేతులు కట్టుకుంది.

"నేనూ నిజం చెప్తా."

"చెబుదువుగానిలే తల్లీ," అంది అమ్మ, స్టూలు దగ్గరికి జరుపుకుంటూ. "ముందు నన్ను కూర్చోనీ."