సంచి వెనక మాస్టారు

ఉదయం పదిగంటలకి ఎండ కిటికీ దాటి బల్ల మీదికి వస్తుంది. ఆ వేళకి సంచులమ్మ బల్ల మీద తెల్లదుప్పటి పరుస్తుంది. మడతలు పోయేలా అరచేత్తో లాగి, ముందురోజు కుట్టిన సంచి కడుపులో పాత కాగితాలు కుక్కి నిలబెట్టి, ఫోనుతో ఫొటో తీస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళకి ఫొటోయే కొట్టూ, కొట్టు గుమ్మమూ. అది బాగోకపోతే కొనేవాళ్ళ వేలు అక్కడ ఆగదు. అందుకని ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, నోరు తెరిచి లోపలి జేబు కనపడేలా ఒకటి తీస్తుంది. మూడింట్లోనూ సంచి వెనక, మూలనున్న కుట్టుమిషను దగ్గర, ఆమె భర్త పడతాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

బతికున్నప్పుడు వీధంతా ఆయన్ని టైలరు మాస్టారనేది. ముప్పై ఏళ్ళు ఆ మూలనే కూర్చుని ఊరందరి ఒంటి కొలతలూ మెడలో టేపు వేసుకుని మోశాడు. పోయాక కూడా ఫొటోల మట్టుకు ఆ మూల వదల్లేదు. పార్సిళ్ళు పట్టుకెళ్ళే కొరియరాయన ఫోను మీదికి వంగి చూసి, "మాస్టారు ఇవాళ గళ్ళ చొక్కా వేశారే అక్కయ్యగారూ" అనేవాడు. "నిన్న చారలది" అనేది సంచులమ్మ. అక్కడితో ఆ మాట అయిపోయేది.

చిక్కల్లా అమ్మకాల సైటు వాళ్ళతోనే. ఫొటోలో సరుకు తప్ప ఇంకేమీ ఉండకూడదు, వెనకంతా తెల్లగా ఉండాలి అన్నది వాళ్ళ నియమం. మాస్టారు ఉన్న ఫొటో పెడితే గంటలో తిరిగొచ్చేది. అందుకని సంచులమ్మ రోజూ ఫోను ఒళ్ళో పెట్టుకుని, తుడిచే బొమ్మ నొక్కి, చూపుడువేలితో ఆయన్ని తుడిచేది. ఒక్కో ఫొటోకి ఇరవై నిమిషాలు పట్టేది. పాదాల దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళు, మోచేతులు, కాలరు దాటుకుంటూ పోయి మొహం ఆఖరికి ఉంచేది. "రేపు కనపడతారుగా" అని ఒకసారి నిట్టూర్చి ఆ మొహం మీద వేలు పెట్టేది. విసుగు పనే. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆమె తన మొగుడి దగ్గరే ఉండేది. ఉన్నన్నాళ్ళూ కుట్టుపని తెమలక ఆయన్ని అంతసేపు తేరిపార చూసింది లేదు.

ఒకరోజు సంచి కొనుక్కున్న ఒకావిడ ఫిర్యాదు రాసింది. "ఫొటోలో సంచికి ఒకటే పట్టీ ఉంది. వచ్చినదానికి రెండున్నాయి. నాకు ఒక పట్టీదే కావాలి."

కూతురు పగలబడి నవ్వింది. "నాన్న మోచెయ్యితో పాటు ఎడమవైపు పట్టీ కూడా తుడిచేశావమ్మా!"

సంచులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే మొహం కిటికీ వైపు తిప్పుకుంది, ఎందుకంటే ఆ పట్టీ తనకు కనపడనేలేదు.

సంగతి ఆమెకి అప్పటికి నెల కిందటే తెలుసు. కుడి కంట్లో నలక పడితే ఆ కన్ను మూసుకుని నలుపుకుంటున్న వేళ ఎదురుగా ఉన్న కిటికీ మాయమైపోయింది. ఎడమ కంటికి తాళంకప్ప సందంత వెలుగు మిగిలింది. ఆ సందులో తెర కొక్కెం ఒక్కటీ వేలాడుతోంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. నలక వచ్చేసింది, కుడి కన్ను తెరిచింది, కిటికీ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? సంచులు బాగా పోతున్నాయని ఆ ఏడాదే కూతురు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. కుట్టే మనిషికి కళ్ళు పోతున్నాయంటే ఆ పిల్ల గతేమిటి? గుట్టుగా నెట్టుకొస్తే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. మనసుకి భయం వేసినప్పుడు మనిషి చెప్పుకునే అబద్ధాల్లో అదొకటి.

పట్టీ గొడవ తరవాత కూతురు ఫోనులోకి ఒక ఏఐ సాధనం తెచ్చింది. "ఇక నువ్వు వేలు అరగదీసుకోనక్కర్లేదమ్మా. చూడు" అని ఒకచోట నొక్కింది. రెప్ప వేసేలోపు మాస్టారు పోయాడు, మిషను పోయింది, గోడ పోయింది. తెల్లటి తెలుపులో సంచి ఒక్కటే రెండు పట్టీలతో నిలబడింది.

"చీపురులా ఉందే ఇది" అంది సంచులమ్మ. ఆ పేరే స్థిరపడిపోయింది.

చీపురుకి ఊడవడమొక్కటే కాదు, చాలా విద్యలున్నాయి. సంచి ఎలా ఉందో నాలుగు ముక్కల్లో అందంగా రాసేది. కొనేవాళ్ళు వేళాపాళా లేకుండా అడిగే ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబిచ్చేది. ముదురాకుపచ్చ రంగు ఎక్కువమంది వెతుకుతున్నారు, అది కుట్టండి అని చెప్పేది. చెప్పినట్టు కుడితే వారం తిరక్కుండా అమ్ముడుపోయేవి. కూతురికి సాయంత్రాలు మిగిలాయి, కంటి కింద నలుపు తగ్గింది. కొరియరాయన ఒక గోనెకి బదులు రెండు గోనెలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మంచి జరగలేదని ఎవరన్నా కళ్ళు పోతాయి.

సంచులమ్మకి ఆర్డర్లు పెరిగాయి. తలను ఎడమకి వాల్చి కుట్టడం అలవాటు చేసుకుంది. ఫొటోలు తీసి చూడకుండానే కూతురి చేతిలో పెట్టేసేది. అంచులు సరిగా కనపడని మొగుడి వంక చూడాలంటే ఆమెకి ఏదో తప్పు చేసినట్టుండేది. ఇంక ఆ ఇంట్లో ఆయన్ని చూసేవాళ్ళే లేరు. కూతురు కూడా చీపురు ఊడ్చి ఇచ్చిన ఫొటోలే చూసేది. అలా ఆరు నెలలు గడిచాయి.

ఒకరోజు భోజనాలయ్యాక కూతురు ఫోను పట్టుకొచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, సైటు వాళ్ళు కొత్తగా ఇంకోటడుగుతున్నారు. చూపు లేనివాళ్ళు కూడా కొనుక్కుంటారు కదా, ప్రతి ఫొటోకీ అందులో ఏముందో మాటల్లో రాసి పెట్టాలట. చీపురు చేత రాయించాను. చదువుతాను, రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పు."

"చదువు" అంది సంచులమ్మ, జేబు అంచు మడుస్తూ.

"ముదురాకుపచ్చ గుడ్డసంచి, రెండు పొడవాటి పట్టీలు, ముందు చెక్క గుండీ. వెనక కుట్టుమిషను దగ్గర ఒక పెద్దాయన అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని కూర్చున్నాడు." కూతురు నాలుక కరుచుకుంది. "అయ్యో, ఊడవని ఫొటోలిచ్చేసినట్టున్నాను!"

"ఆ ముక్క కొట్టెయ్" అంది సంచులమ్మ. సూది ఆగిపోయింది.

"నీలం సంచి, లోపల పూల గుడ్డ. వెనక ఒక పెద్దాయన ఎడమ కన్ను మూసుకుని నిలబడ్డాడు." కూతురు నవ్వబోయి ఆగింది. మూడోది పైకి చదవలేదు. నాలుగోది కూడా లోపలే చదువుకుంది. తరవాత అసలు ఫొటోలు తెరిచి ఆరు నెలల కిందటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది.

మొదట్లో మాస్టారు మిషను తొక్కుతూనే కణత మీద వేలు పెట్టుకున్నాడు. నెల తరవాత వేలు కంటి మీదికొచ్చింది. ఆ తరవాత మిషను ఆగింది, అరచెయ్యి కన్నంతా కప్పింది. బతికుండగా ఆయన ఏదీ నోటితో చెప్పేరకం కాదు. గుడ్డ చాలకపోతే టేపు దాని మీద పరిచి ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా అలా చూస్తూ కూర్చునేవాడు. ఇప్పుడూ అలాగే, ఫొటో తీసే మనిషి వంకే చూస్తున్నాడు. రెండు వారాల కిందట కుర్చీలోంచి లేచాడు. ఆ రోజు నుంచీ రెండో చెయ్యి లేవడం మొదలైంది. నడుము దగ్గర, రొమ్ము దగ్గర, గడ్డం దగ్గర. ఆ ఉదయం తీసిన ఫొటోలో అది కుడి చెంప దాకా వచ్చి ఉంది.

"అమ్మా, నాన్న కంటికేమైంది?"

"ఆయన కంటికేం కాలేదు" అంది సంచులమ్మ.

కూతురు ఫోను పక్కన పెట్టింది. తరవాత లేచి తల్లి ఎడమపక్కకి వెళ్ళి నిలబడి, "కుడి కన్ను మూసుకో" అంది. "ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను?"

సంచులమ్మ మూసుకుంది. మొహం అటూ ఇటూ తిప్పి వెతికింది.

"నువ్వెక్కడున్నావే?" అని అడిగింది చివరికి.

కూతురు ఏడ్చింది. కోపంతో ఏడ్చింది, అరిచింది. "ఆరు నెలలమ్మా! పక్కనే కూర్చుని ఉన్నాను కదా, ఒక్క మాట చెప్పలేవా?"

"నా చేతులు నమ్ముకుని ఉద్యోగం వదులుకున్నావు. ఏ మొహంతో చెప్పమంటావు?"

"సంచులు లేకపోతే ఇంకోటి అమ్ముకుంటాను. నువ్వు నన్ను చూడకపోతే నేనేం చేసుకోవాలి?"

సంచులమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి లేచింది. చెప్పుల కోసం కాలితో తడుముకుంది. కూతురే తొడిగింది.

కంటి డాక్టరమ్మ దీపాలు వేసి, కొలతలు తీసి, చుక్కలు చుక్కలుగా వెలుగులు చూపించి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుంది. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదమ్మా. కుడి కన్నుకి కూడా ఇప్పుడిప్పుడే పట్టుకుంది. రోజూ మందు వేసుకుంటే ఉన్నది ఉన్నట్టు నిలబెట్టొచ్చు. ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే నేను కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని." కాగితం మీద రాస్తూ తలెత్తింది. "నొప్పి ఉండదు కదా, దీనికి అందరూ చేతులు కాలాకే వస్తారు. మీరెలా వచ్చారు?"

"మా ఆయన చూసి చెప్పారు" అంది సంచులమ్మ. "ఫొటోలోంచి."

"మంచిది" అని డాక్టరమ్మ అది కూడా రాసుకుంది. "వీలైతే ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి, చూస్తాను."

"ఆ మూల వదిలి రారండి."

ఇంటికొచ్చాక కూతురు చీపురుకి కొత్త పని అప్పగించింది. ఇకమీదట వారానికి అయిదు సంచులే, కావలసినవాళ్ళు ఆగాలి అని అడిగినవాళ్ళందరికీ నచ్చజెప్పమంది. అది ఎంత ఒద్దికగా చెప్పిందో గానీ, ఆగమంటే జనం ఇంకా ఎక్కువ అడిగారు. కొందరు మూడు నెలల ముందే పేరు రాయించుకున్నారు.

మందు మొదలెట్టిన వారానికి, ఉదయం పదిగంటలకి, సంచులమ్మ తెల్లదుప్పటి పరిచి ఊదారంగు సంచిని నిలబెట్టింది. ఫొటో తీసింది. ఇద్దరూ తలలు ఆనించి ముందు సంచిని కాదు, దాని వెనక చూశారు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి చెంప మీద లేదు, మిషను చక్రం మీదుంది. ఎడమచెయ్యి మాత్రం ఎడమ కన్ను మీద అలాగే ఉంది.

"ఏమండీ" అంది సంచులమ్మ మూలకి తిరిగి. ఫోనులో తప్ప అక్కడెవరూ లేరు. "అది పోయింది. ఇది ఉంది. ఇక చెయ్యి దించండి, భుజం పట్టేస్తుంది. ఒంటిచేత్తో మీరు మాత్రం ఎంతసేపని కుడతారు?"

కూతురు ఇంకో ఫొటో తీసింది. చెయ్యి దిగింది, గుడ్డ పట్టుకుంది. మాస్టారు తల కాస్త ఎడమకి వాల్చి మిషను తొక్కుతున్నాడు, ఆ కన్ను మూసుకునే.

సంచులమ్మ ఫోను దగ్గరికి తెచ్చుకుని, కుడి కంటితో ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. కొరియరాయన వచ్చి గుమ్మంలో నిలబడితే కూతురు కాసేపాగమని సైగ చేసింది.