అక్క తొక్కింది బ్రేకే

మా కారు మూడు చేతులు మారి, పద్నాలుగేళ్ళ వయసులో నా దగ్గరికి వచ్చింది. నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకు తలనొప్పి పట్టుకునే పని అది. ఆ గర్వంతోనే కారు పనులు కూడా నేనే చేసుకునేవాణ్ణి. ఆయిలు మార్చాలన్నా, బెల్టు బిగించాలన్నా చొక్కా చేతులు మడిచి దిగిపోయేవాణ్ణి. ఏ రోజు ఏం మార్చానో ఒక నోటుపుస్తకంలో రాసి కారులోనే పెట్టేవాణ్ణి. మా బావ అది చూసి, "కారుకి ఇంత సేవ చేస్తావు, నీ పళ్ళు ఎప్పుడు చూపించుకున్నావురా?" అని నవ్వేవాడు.

అక్క నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. ఆమె ఒక క్లినిక్‌లో నర్సు. రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఈ వయసులో నీకెందుకని అందరూ అన్నారు. నేర్పింది నేనే. మొదట్లో స్టీరింగును పొంగే పాలగిన్నెలా పట్టుకునేది. మూడు నెలలకు చెయ్యి తిరిగింది. నేను దుకాణానికి నడిచే వెళ్తాను కాబట్టి వారంలో మూడు రోజులు కారు ఆమెకే ఇచ్చేవాణ్ణి.

ఆ వేసవిలో ముందు చక్రాలు కీచుమనడం మొదలుపెట్టాయి. బ్రేకు ప్యాడ్లు అరిగాయని అర్థమై కొత్తవి కొనుక్కొచ్చాను. ఆదివారం పొద్దున పుస్తకంలో తేదీ వేసి, 'ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాను' అని పని కాకముందే రాసేసి, చక్రం విప్పాను. ఒక బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గంటసేపు కుస్తీ పట్టాను. దాని తల అరిగింది తప్ప అది కదల్లేదు. మెకానిక్ దగ్గరికి వెళ్ళాలంటే నామోషీ అనిపించింది. చక్రం మళ్ళీ బిగించి, ప్యాడ్ల పెట్టెను డిక్కీలో పడేసి, వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. అలా ఏడు ఆదివారాలు గడిచాయి.

మధ్యలో అక్క ఒకసారి అడిగింది. "ఏదో కీచుమంటోందిరా."

"కొత్త ప్యాడ్లు అలాగే అరుస్తాయక్కా. సర్దుకుంటాయి," అన్నాను.

క్లినిక్ ముందు దారి ఏటవాలుగా దిగుతుంది. ఒక ఉదయం అక్క ఆ వాలులో బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. గేటును గుద్దుకుని ఆగింది. పక్కకు దూకిన వాచ్‌మన్ పడి, మణికట్టు విరిగింది. అక్కకు నుదుటి మీద బొప్పి కట్టింది.

నేను వెళ్ళేసరికి ఆమె గేటు పక్క బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది. "నేను బ్రేకే తొక్కాను."

"కంగారులో ఒక్కోసారి కాలు యాక్సిలరేటర్ మీద పడుతుందమ్మా," అన్నాడు డాక్టరు, ఓదార్పుగానే.

బావ కారులోంచి పుస్తకం తీసి తిరగేశాడు. "బ్రేకులు మా బావమరిది మార్చి రెండు నెలలు కూడా కాలేదండి. ఇదిగో, తేదీ వేసి రాసుకున్నాడు. ఏరా, మార్చావు కదా?"

అక్క నా వైపు చూసింది. నేను తలూపాను.

నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు కదా అని ఆ రోజంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"అయితే నేనే ఏదో చేసుంటాను," అంది అక్క. మర్నాటి నుంచి మళ్ళీ రెండు బస్సులు.

కారును షెడ్డుకు లాక్కెళ్ళారు. అక్కడి మెకానిక్‌ను అందరూ చెవులాయన అంటారు. ఇంజను చప్పుడు వినగానే జబ్బేమిటో చెప్పేస్తాడు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి చక్రం విప్పి ఉంది. ప్యాడ్లు పూర్తిగా అరిగి, ఇనుముకు ఇనుము రాసుకుని డిస్కు నిండా గాట్లు పడ్డాయి. బ్రేకు ఆయిలు మరిగిన డికాషన్‌లా ఉంది. స్టెప్నీ కోసం డిక్కీ తెరిచినప్పుడు, సీలు కూడా తీయని పెట్టె ఆయన చేతికి వచ్చింది.

"ఇవి ఎప్పుడు కొన్నారు సార్?"

చెప్పాను. ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బండి నడిపింది మీ అక్కగారా?"

"అవును."

"పాపం, ఎంత బలంగా తొక్కి ఉంటారో," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. బిగుసుకున్న బోల్టుకు కాస్త నూనె పట్టించి, వేడి చూపించి, పది నిమిషాల్లో విప్పేశాడు.

అక్కణ్ణుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని, ముందు రెండు చెప్పులు పక్కపక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి కాలు మారుస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"బ్రేకెక్కడుందో కాలికి తెలుస్తుందో లేదో చూస్తున్నా. ప్రతిసారీ తెలుస్తోందిరా. మరి ఆ రోజెందుకు తెలీలేదు?"

"నువ్వు బ్రేకే తొక్కావక్కా. నేనే వాటిని మార్చలేదు," అన్నాను. బోల్టు, పెట్టె, ముందే రాసిన తేదీ, అన్నీ చెప్పాను.

అక్క కాలు కదపడం ఆపింది. "కీచుమంటోందని అడిగాను."

"అడిగావు."

"గేటు దగ్గర నీ వంక చూశాను."

"చూశావు."

"ఇరవై ఐదేళ్ళ నుంచి సూదులు వేస్తున్నాను. ఈ నాలుగు రోజులూ సూది పట్టుకుంటే చెయ్యి వణికింది, ఇక్కడా తప్పు చేస్తానేమోనని." చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని లేచింది. "నాకొక్కదానికే చెబితే సరిపోదు. రేపు నాతో రా."

మర్నాడు క్లినిక్ హాల్లో డాక్టరు ముందు, నర్సుల ముందు, వరసగా కూర్చున్న పేషెంట్ల ముందు చెప్పాను. రెండోసారి మొదలుపెట్టాల్సి వచ్చింది, గొంతు వినబడలేదని ఒకావిడ అన్నందుకు. డాక్టరు లేచి అక్క దగ్గరికి వెళ్ళి, "నేనలా అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వాచ్‌మన్ విన్నాడు. క్షమించమని అడిగాను. "అమ్మగారు ఆ రోజే చెప్పారుగా సార్, బ్రేకే తొక్కానని," అన్నాడు, నా మొహం చూడకుండా.

బావ చాలా రోజులు నాతో జోకులు వెయ్యలేదు.

కారు ఇప్పుడు అక్క దగ్గరే ఉంది. నెలకోసారి ఆమే షెడ్డుకు తీసుకెళ్తుంది. ప్యాడు ఎంత మందం ఉంటే మార్చాలో, ఏ గొట్టం ఎప్పుడు పగులుతుందో చెవులాయన దగ్గర నిలబడి నేర్చుకుంటుంది. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆయన చక్రం విప్పుతుంటే అలవాటుకొద్దీ స్పానర్ అందుకోబోయాను.

"నువ్వు కూర్చోరా," అంది అక్క.

గోడ పక్కన స్టూలు ఉంటే దాని మీద కూర్చున్నాను.