రేచెల్ అమ్మమ్మ కోసం ప్రార్థన

షార్జా రోలాలో మేం అద్దెకుండే గదిలో మంచం మంచానికీ చుట్టూ తాడు, తాడు మీద తెర. తెర మూసుకుంటే ఎవరిల్లు వాళ్లది. ఆ అలవాటుతోనే నిరుడు బుడాపెస్టు హాస్టల్లో కూడా నా మంచానికి అమ్మ చీర కట్టుకున్నాను.

వీపున సంచులేసుకుని రేచెల్, అనంతలక్ష్మి, నేను చేసిన మొదటి ప్రయాణం అది. ముగ్గురం ఒకే ఆసుపత్రిలో నర్సులం. హాస్టల్ గదిలో పైనా కిందా మంచాలు, వాటి నిండా ముక్కూ మొహం తెలియని ఆడా మగా. పగలంతా వంతెనల మీద తిరిగాం, నది ఒడ్డున కూర్చుని రొట్టెలు తిన్నాం. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. షుగరు పుండు ముదిరి నాన్న కాలు మోకాలి కింద తీసేశారట. చీర లోపల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

బయట రేచెల్ వీడియో తీస్తోంది. "చూడండి, మా కృప టెంటు! లోపల కూనిరాగాలు కూడానూ!" అంటూ ఆ చీరనీ నా వెక్కిళ్లనీ కలిపి మా వార్డు గ్రూపులో పెట్టింది. మేం తిరిగొచ్చేసరికి నా పేరు టెంట్ సిస్టర్ అయిపోయింది. స్ట్రెచర్లు తోసేవాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

"నాన్న కోసం ఏడ్చానే. ఆ వీడియో తీసెయ్యవే," అని అడిగాను.

"గుడ్డే కదే, గోడనుకున్నావా?" అని నవ్వింది. తీసెయ్యలేదు.

నేను మళ్లీ అడగలేదు. రోలా గదిలో ఆమె మంచం నా మంచం పక్కనే. ఎదురుచూశాను.

ఈ ఏడాది వాళ్లిద్దరూ ప్రాగ్ ప్రయాణం పెట్టుకున్నారు. నన్ను పిలవలేదు. రేచెల్‌కి సెలవులన్నీ అయిపోయాయి. ఎలా వెళుతుందా అనుకుంటుంటే, తెర వెనక ఫోనులో అనంతలక్ష్మితో అంటోంది: "మా అమ్మమ్మ ఐసీయూలో ఉందని కరుణ సిస్టర్‌కి చెప్పేసేనే. పాపం, ఎమర్జెన్సీ లీవు ఇచ్చేసేరు. ఖలాస్! గురువారం ఫ్లైటెక్కడమే."

ఆ పొద్దున్నే ఆ అమ్మమ్మ వీడియో కాల్‌లో కోళ్లను తిట్టడం నేను విన్నాను.

కరుణ సిస్టర్ మా ఇన్‌చార్జి. మా తెలుగు క్రైస్తవ సహవాసానికీ వస్తారు. ఆరాధన చివర పాస్టరు జకరయ్య అయ్యగారు ప్రార్థన అవసరతలు, అంటే ఎవరి కోసం ప్రార్థించాలో, అడుగుతారు. ఏనాడూ నోరు విప్పని నేను ఆ ఆదివారం లేచి నిలబడ్డాను.

"మా రేచెల్ అమ్మమ్మగారు ఐసీయూలో ఉన్నారండి. ఆ దిగులుతో తను ఈవేళ ఆరాధనకి కూడా రాలేకపోయిందండి."

రేచెల్ ఆ సమయంలో చలికోటు కొనుక్కుంటోంది.

జబ్బు మాట చెవిన పడితే మావాళ్లు ఆగరు. ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లాల్సిందే. ఎప్పుడొస్తే బాగుంటుందని అయ్యగారి భార్య నన్నే అడిగారు.

"గురువారం సాయంత్రం రండి, అమ్మగారూ. బయల్దేరే ముందు ధైర్యంగా ఉంటుంది."

గురువారం తలుపు తట్టి వాళ్లు లోపలికి వచ్చేసరికి, రేచెల్ సంచిని మంచం మీదికి తోసి తెర లాగేసింది.

"దిగులు పడకమ్మా," అని కరుణ సిస్టర్ ఆమె తల నిమిరారు. "ఎయిర్‌పోర్టుకి నేను దింపుతాను."

"వద్దండి సిస్టర్... ట్యాక్సీ చెప్పేసేనండి."

అయ్యగారు చాలాసేపు ప్రార్థించారు. ఆమేన్ అన్నాక నేను అందరికీ టీ ఇచ్చాను.

"అయ్యగారూ, మీ ప్రార్థన అమ్మమ్మగారికే వినిపిస్తే బాగుంటుందేమోనండి. వీడియో కాల్ చేస్తే, అక్కడి నర్సులు ఫోను చెవి దగ్గర పెడతారు కదండీ."

"మంచి మాటన్నావు తల్లీ," అన్నారు అమ్మగారు.

"అక్కడ సిగ్నల్ ఉండదండి," అంది రేచెల్.

"నా దగ్గర నంబరుంది. ఓసారి చూద్దాం," అన్నాను. ఒకప్పుడు ఫోను పాడైతే నా ఫోనులోంచే మాట్లాడేది తను.

రెండు మోతలకే అమ్మమ్మ ఫోను తెర మీదికి వచ్చింది. ముందు పీట, పీట మీద చేపలు.

"ఏమ్మా కృపా! బొమ్మిడాయిలు తోముతున్నానే. మా రేచెలేదే? ఆ చలిదేశానికి స్వెట్టరు పట్టుకెళ్తందో లేదో చూడవే, దానికసలే జలుబు."

అయ్యగారు మూసుకోబోయిన కళ్లు తెరిచారు. కరుణ సిస్టర్ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి రేచెల్ మంచం తెర పక్కకు లాగారు. సంచి, సంచికి వేలాడుతున్న కొత్త బూట్లు.

"రేపు మార్నింగ్ డ్యూటీకి వచ్చెయ్యి," అన్నారు. "మిగతాది మేనేజరుగారి ముందు మాట్లాడుకుందాం."

టీ సగంలో వదిలేసి అందరూ వెళ్లిపోయారు. మంచం మీద రేచెల్ ఫోను మోగుతూనే ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి అనంతలక్ష్మి.

"తెర వెనకాల నా మాటలు వింటన్నావా నువ్వు?" అంది రేచెల్.

"గుడ్డే కదే," అన్నాను. "గోడనుకున్నావా?"

ఆమె తెర లాక్కుని లోపలికి పోయింది. నేను గ్లాసులన్నీ కడిగి బోర్లించి వచ్చి, ఆ ఏడుపు బాగా వినబడేలా నా తెర తీసిపెట్టి కూర్చున్నాను.