చెంబులోకి వచ్చిన బోయిన్

దేశంకాని దేశంలో, నేవన్ అనే ఊళ్ళో, ఆ వీధికి పన్నెండు ఇళ్ళు. చిట్టచివరిది, బోయిన్ ఏటి ఒడ్డున ఉన్నది, బ్రీడా అనే ముసలావిడది. దాని పక్కది సుధేష్ణ వాళ్ళది.

రోజూ పొద్దున సుధేష్ణ ఆసుపత్రికి తయారయ్యే వేళకి, ఆమె మావగారు కామేశ్వరరావు పూజలో కూర్చునేవారు. రాగిచెంబు నిండా కుళాయినీళ్ళు పట్టి, పైన అరచెయ్యి ఉంచి, ఏడు నదులనూ పేరుపేరునా పిలిచేవారు. పిలిచినవాళ్ళలో ఎవరో ఒకరు వచ్చేవారు.

"ఇవాళ గోదావరి వచ్చినట్టుంది మావయ్యగారూ, అడుగున ఒండ్రు ఉంది."

"సింకులో పారబొయ్యకమ్మా. గులాబీకి పొయ్యి."

రాకేం చేస్తారు? నలభై ఏళ్ళు ఆయన నీటిపారుదల శాఖలో ఆ నీళ్ళకే సేవ చేశారు. కుంగిన లాకులు నిలబెట్టారు, తూములకు కొత్త తలుపుల నమూనాలు గీశారు. చీఫ్ ఇంజనీరయ్యాక, ఎద్దడి ఏట మొదటి వంతు నీళ్ళు కాలువ చివరి పొలానికే అన్నారు. ఎగువ ఆసాములు మూడుసార్లు బదిలీ చేయించారు. మూడుసార్లూ తిరిగొచ్చి ఆ శివారు పొలాలే ముందు తడిపించారు. ఇంట్లో తీర్థమైనా చివర నిలబడినవాళ్ళకే ముందు.

ఆ నవంబరులో తొమ్మిది రోజులు వాన వదల్లేదు. బోయిన్ నది పొంగి బ్రీడా మెట్ల దాకా వచ్చింది. ఈసారి గడప తడిస్తే వృద్ధాశ్రమమేనని ఆవిడ కొడుకు తేల్చేశాడట. కామేశ్వరరావు ఆవిడ గేటు దగ్గర అంగుళాల గీతలున్న కర్ర పాతి, గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉంది మా నది?" అంది బ్రీడా కిటికీలోంచి.

"గడపకి ఇంకో మూడంగుళాలమ్మా, అంతే."

"నాకేం, నేను గ్రాండ్, నిక్షేపంగా ఉన్నాను. ఈ నేల మా ఆయన చేత్తో పరిచింది. నన్ను మోసుకుపోవాల్సిందే."

ఆయన ఇంటికొచ్చి తడిబట్ట మార్చుకుని పూజకు కూర్చున్నారు. ఏడు పేర్లూ అయ్యాయి. పదేళ్ళ మనవరాలు లోహిత గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"తాతా, బోయిన్‌ని పిలవవేం? షీ లివ్స్ హియర్."

ఆయన చెయ్యి ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఆ ఒడ్డునే ఉంటూ, ఒక్కనాడైనా పేరు పెట్టి పిలవలేదు! రెండు చెంపలూ వాయించుకున్నారు.

"తప్పయిపోయింది. బోయిన్ తల్లీ, మా ఇంటికి రా."

చెంబులో నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. నానిన ఆకుల వాసన వచ్చింది. కింద పీట కిర్రుమంది.

"తాతా, నీ స్టిక్! నీళ్ళు దిగుతున్నాయి!" లోహిత కిటికీ దగ్గర్నుంచి అరిచింది.

సుధేష్ణ చెంబు ఎత్తబోతే కదల్లేదు. "నాకు డ్యూటీకి టైమైంది. పూజగది తలుపు వేసెయ్యనా?"

"వెయ్యకమ్మా. ఇంట్లో చుట్టముండగా తలుపేస్తారా?"

మూడు రోజులు చుట్టం అక్కడే ఉంది. వాన వెలిశాక ఆయన ఉద్ధరిణితో కొంచెం కొంచెంగా పెరట్లోకి వదిలారు.

"ఒక్కసారే పోసెయ్యొచ్చుగా తాతా?"

"తూము తలుపులన్నీ ఒక్కసారి ఎత్తకూడదురా బంగారం. దిగువన ఊళ్ళుంటాయి."

అయితే, మొట్టమొదటి ఉద్ధరిణి మాత్రం బ్రీడాకే ఇచ్చారు. ఆవిడ దోసిలి పట్టి తాగి, తడి అరచేతులు వాసన చూసుకుంది. "మా ఆయన వానలో తడిసొస్తే, ఆ కోటు వాసన ఇలాగే ఉండేది," అంది.

మధ్యాహ్నం ఆవిడ కొడుకు సామాను సర్దడానికి అట్టపెట్టెలతో వచ్చాడు. వంగి గడప మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది. ఇంకోచోట కూడా ఆనించి చూశాడు. పెట్టెలు ఒక్కొక్కటే మడిచి మళ్ళీ కారులో పెట్టుకున్నాడు.