కట్టని కుక్క

ఏప్రిల్ పన్నెండు, శనివారం. ఆ పొద్దున పెంచలనరసయ్య తిన్నది రాగిసంగటి, చింతచిగురు పప్పు. తేదీలు గుర్తుపెట్టుకునే మనిషి కాదతను. పెళ్లి ఏ ఏట అయిందని ఎవరన్నా అడిగితే భార్య పిచ్చమ్మ మొహం వైపు చూస్తాడు. అయినా ఆ తేదీ, ఆ చిగురు పులుపు అతన్ని పట్టుకుని వదలడం లేదు.

ఏటా ఎండలు ముదిరి ఉదయగిరి కొండవార గడ్డి మాడిపోగానే గొర్రెల్ని సంగం వైపు తోలుకుపోతారు. కాలవ కింద వరి కోసిన మళ్లలో మేత దొరుకుతుంది. ఎరువు కోసం రైతులే పిలిచి మందను తమ మళ్లలో పెట్టించుకుంటారు. ఈసారి తమ్ముడు వరదయ్య, పిచ్చమ్మ మందను నడిపించుకుంటూ నాలుగు రోజుల ముందే వెళ్లిపోయారు. ఈని వారం తిరగని తల్లులూ వాటి పిల్లలూ మిగిలాయి. వాటిని అల్లుడి వరసయ్యే సురేంద్రబాబు ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. అన్నీ ఎక్కాక ఎర్రోడు ఒక్క గంతు వేసి వాటి మధ్య నిలబడ్డాడు. ఎర్రోడు మందకు కాపలా కుక్క, ఆరేళ్ల వాడు.

"మామా, వాణ్ణి కట్టెయ్. సీటు కింద తాడుండాది," అన్నాడు సురేంద్రబాబు.

"మంద కుక్కను కట్టగూడదురా. ఒకసారి తాడు మెడకు పడిందంటే ఇంక మందను కాయదు. మా నాయన ఎన్నడూ కట్టలా."

"మీ నాయన గొర్రెల్ని ట్రాలీలో తోలినాడా ఏంది?"

"నువ్వు బండి తోలు. కుక్క సంగతి నాకొదిలెయ్."

సురేంద్రబాబు నవ్వి తాళం తిప్పాడు.

ఆత్మకూరు ఇంకా ఆరేడు కిలోమీటర్లుందనగా రోడ్డు పక్క చేలో వేరే వాళ్ల మంద మేస్తోంది. ఎర్రోడు ఒకసారి మొరిగాడు. వెనకాల ధన్‌మని శబ్దం. పెంచలనరసయ్య కిటికీలోంచి పక్క అద్దంలోకి చూశాడు. వెనక వస్తున్న మోటారుసైకిలు, దాని ముందు చక్రం కింద ఎర్రటి ముద్ద, మనిషి గాల్లో. అంతే. మరుక్షణం అద్దంలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

సురేంద్రబాబు బండి నెమ్మది చేశాడు. ఎదురుగా వచ్చిన లారీ ఆగింది. అందులోంచి ఇద్దరు దిగి పరుగెత్తడం కనిపించింది.

"ఎత్తుతుండారులే మామా. మనం పోయి చేసేదేముండాది," అంటూనే వేగం పెంచాడు.

ఆపరా అనాలి. అనలేదు. ఆత్మకూరు డిపో దగ్గర జనంలో బండి ఆగినప్పుడు అతని నోరు తెరుచుకుంది. అప్పటికి అనడానికి ఏమీ మిగల్లేదు. వెనక గొర్రెపిల్లలు పాల కోసం తల్లుల్ని కుమ్ముతున్నాయి.

ఎర్రోడేడని పిచ్చమ్మ అడిగితే దారిలో దూకి ఎటో పోయాడని చెప్పాడు.

మూడు వారాల తర్వాత సంగం దగ్గర వాళ్ల మందలోకి ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులు చేత పట్టుకుని, కోసిన వరి మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే ఆగి ఆగి నడుస్తోంది. పేరు జయశ్రీ అంది. ఊరు చేజర్ల. ఫోను తీసి చూపించింది.

"పెద్దాయనా, ఈ కుక్క ఎవరిదో చెప్పగలవా? చెవి కోసుండాది, గొర్రెలోళ్ల కుక్కయి ఉంటాదన్నారు. పొద్దున్నుంచీ ప్రతి మందకూ పోయి అడగతా ఉండా."

ఫోటోలో ఎర్రోడు రోడ్డు పక్క గుంటలో పడి ఉన్నాడు. ఎడమ చెవికి రెండు గాట్లు. గొర్రెలకు వేసే గుర్తే, పిల్లగా ఉన్నప్పుడు పెంచలనరసయ్యే సరదాపడి వేశాడు. అవే రెండు గాట్లున్న చెవులు ఆమె చుట్టూ అరవై దాకా కదులుతున్నాయి. ఒక గొర్రె ఆమె చీర అంచును వాసన చూస్తోంది. ఆమె ఫోను వైపే చూస్తోంది.

పొద్దున్నుంచీ ఆమె అడిగిన ప్రతివాడికీ ఆ గాట్లు ఎవరివో తెలుసు. ఒక్కడూ చెప్పలేదు.

"ఊరకుక్కమ్మా," అన్నాడు పెంచలనరసయ్య. "ఏ కుక్క కరిచిందో చెవి."

ఆమె తల ఊపింది. ఆ జవాబు ఆమెకు అలవాటైపోయినట్టుంది. పిచ్చమ్మ ఫోటో వైపు ఒకసారి చూసి, పోయి సత్తుగ్లాసులో మజ్జిగ తెచ్చి ఆమె చేతికిచ్చింది. గట్టు మీద గోనెపట్టా పరిచింది. ఆమె కూర్చుని తాగింది.

"మా ఆయన మోటర్లు బాగుచేస్తాడు. చేసేవాడు," అంది. "పన్నెండో తేదీ బండి మీంచి పడి పోయినాడు. స్టేషన్లో తనంతట తనే పడినాడని రాసుకున్నారు. ఈ ఫోటో లారీ క్లీనరు తీసినాడు, మొన్ననే నాకు చేరింది. కుక్క అంతకుముందే చచ్చి పడుందేమో, ఎవరికి తెలుసు అంటుండారు."

"కుక్కగలోడు దొరికితే కేసు పెడతావామ్మా?" పిచ్చమ్మ అడిగింది.

"కేసు సంగతి తర్వాతవ్వా." ఆమె గ్లాసు అడుగు వైపు చూసింది. "ఆ టయానికి నేను ఫోన్ చేసినాను. కూరకేం తెస్తావని. మోగింది, ఎత్తలా. ఫోను తియ్యబోయి ఒంటిచేత్తో తోలి పడినాడని మా అత్త అంటాది. ఊరంతా అంటాది. నాకూ అట్నే అనిపిస్తాది. కుక్క అడ్డమొచ్చిందని ఎవరన్నా కళ్లతో చూసుంటే..."

పెంచలనరసయ్య ఆ రోజు అద్దంలో చూసిందంతా మళ్లీ చూశాడు. మోటారుసైకిలు మనిషి రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి. గాల్లోకి లేచేదాకా ఉన్నాయి.

"ఎవురికన్నా తెలిస్తే చేజర్లకు రమ్మని చెప్పండి. మోటర్ల మోహన్‌కృష్ణ ఇల్లంటే ఎవురైనా చూపిస్తారు," అని లేచింది. గ్లాసు కడిగి ఇవ్వడానికి నీళ్లెక్కడని అడిగింది. పిచ్చమ్మ దాన్ని ఆమె చేతిలోంచి తీసేసుకుంది.

ఆమె గట్టు దాటి రోడ్డెక్కింది.

"ఎటో పోయినాడని చెప్పినావే నాతో," అంది పిచ్చమ్మ. అరవలేదు. "ఆ బిడ్డ ఒక్క గొర్రె చెవి చూసుంటే నీ బతుకేమయ్యేదయ్యా?"

"చూడలా గదా."

"అదే. చూడలా." పిచ్చమ్మ గ్లాసు కడగడానికి పోయింది.

అతను పక్కకు పోయి సురేంద్రబాబుకు ఫోన్ చేశాడు.

"చెప్పేస్తానురా."

"ఏంది చెప్పేది? మామా, నేనొకటడగతా. బండ్లో కుక్కను కట్టాలని రూలేమన్నా ఉండాదా? నాకెవురూ చెప్పలా. హెల్మెట్‌కి ఆపుతారు, కాయితాలకు ఆపుతారు, ఇన్నేళ్లలో కుక్కను కట్టినావా అని ఒక్క పోలీసన్నా అడిగినాడా? రూలు లేనప్పుడు తప్పెక్కడుండాది?"

"నువ్వు కట్టమన్నావు గదరా ఆ పొద్దు."

సురేంద్రబాబు గొంతు తగ్గించాడు.

"అన్నాను. వద్దన్నదెవురు? నా లైసెన్సు పోతే నా పిల్లకాయలకు నువ్వు పెడతావా అన్నం? ఆపకుండా వచ్చినందుకు నన్ను లోపలేస్తారు. నీకేం, నీకు గొర్రెలుండాయి."

"నీ పేరు నేనుగా చెప్పన్రా."

"వాళ్లడగరా, ఏ బండని? ముసలోడివయినావు గానీ బుద్ధి రాలేదు నీకు." ఫోను పెట్టేశాడు.

అతను చెప్పింది నిజమే. అడుగుతారు. ఆ రాత్రంతా పెంచలనరసయ్య ఆ నిజాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఎవరో ఒకరి అన్నం పోతోంది. చెప్పకపోతే మాత్రం ఒక ఆడమనిషి ఫోను మోగినప్పుడల్లా మొగుణ్ణి చంపుకుంటూ బతకాలి.

మరుసటి సాయంత్రం బస్సూ ఆటో మారి చేజర్ల చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఆ ఇంటి ముందు పాత మోటరు ఒకటి విప్పి ఉంది, ఎవరూ తిరిగి బిగించలేదు. జయశ్రీ గడపలో నిలబడింది. వెనక చాప మీద నాలుగేళ్ల పిల్ల నిద్రపోతోంది.

"ఆ కుక్క నాది తల్లీ," అన్నాడు. వస్తూ దారంతా కూడగట్టుకున్న మాటలేవీ రాలేదు. "ట్రాలీలోంచి దూకింది. అతని చక్రం కింద పడింది. నేను అద్దంలో చూసినాను. నిన్న నీతో అబద్ధమాడినాను."

ఆమె తలుపు రెక్క పట్టుకుంది.

"ఫోను..."

"ఫోను మోగిందో లేదో నాకు తెలీదు. అతను తియ్యలా. రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉండినాయి. పడేదాకా ఉండినాయి. ఏ గుళ్లో ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను."

ఆమె గడప మీద కూలబడినట్టు కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది, పిల్ల లేవకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. అతను మెట్టు కింద నిలబడే ఉన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"దాన్నెందుకు కట్టలా?"

కట్టిన కుక్క మందను కాయదని చెప్పాడు. ఆ వాకిట్లో నిలబడి చెబుతుంటే ఆ మాట అతనికే ఎవరో పిచ్చివాడు అన్నట్టు వినపడింది.

"కట్టకపోతే ఫైనని రూలుంటే?"

"ఫైనుకు భయపడైనా కట్టేవాణ్ణి తల్లీ. మంచి కోసం కట్టేవాణ్ణి మాత్రం కాను. అబద్ధం చెప్పను."

"ఆగకుండా ఎందుకు పోయినారు?"

జవాబు కోసం ఆమె కాచుకోలేదు.

"రేపు స్టేషనుకు వస్తావా? ఇదే మాట అక్కడ చెప్తావా, రెండు చేతులని? మా అత్తా వింటాది."

"వస్తాను."

"బండెవరిదో కూడా చెప్పాలి."

"చెప్తాను," అన్నాడు. సురేంద్రబాబు పిల్లకాయల మొహాలు కళ్ల ముందుకొచ్చాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతని చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టింది. అతను తాగి చెంబు అక్కడే పెట్టాడు.

"ఇప్పుడే పోతే మూల మీద ఆటో ఉంటాది. ఆలస్యమైతే దొరకదు," అంది.

పెంచలనరసయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయి, ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియక దించేసుకున్నాడు. వీధిలోకి నడిచాడు. నాలుగిళ్లు దాటాక వెనక్కి చూశాడు. జయశ్రీ చాప మీది పిల్లకు దుప్పటి సర్ది వచ్చి, వీధి దీపం కింద అతను నిలబడ్డాడని చూసి కూడా, గడియ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.