రేగుకంప పెట్టిన సందు

జూలూరుపాడు దాటి అడవి వైపు పోయే మట్టిరోడ్డు చివర రెండే ఇళ్లు. ఒకటి సుశీలమ్మది, రెండోది బాలిది. సుశీలమ్మ అత్తమామలు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న రైతులు. బాలి, ఆమె మొగుడు ధన్‌సింగ్ పక్క తండా నుంచి వచ్చి ఇల్లు వేసుకున్నారు. రెండిళ్ల పెరళ్లకూ నడుమ గోడ లేదు, వావిలి దడి ఉంది. తొలకరిలో కొమ్మ నరికి గుచ్చితే చాలు, వావిలి తనంతట తానే వేళ్లూనుకుంటుంది, మేక దాన్ని ముట్టదు. పదకొండేళ్ల కిందట ఇద్దరాడవాళ్లూ కొంగులు బిగించి గుచ్చిన కొమ్మలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. వాటి మీదికి చిక్కుడు, కాకర, దొండ తీగలు ఎక్కించారు. పాదు ఎవరు పెట్టినా కాయ ఎటు వేలాడితే అటువాళ్లది, అది వాళ్ల చట్టం. సుశీలమ్మ తన వైపు కాసిన తీగను గుట్టుగా అటు తోసేది. మర్నాటికి బాలి దాన్ని ఇటు తోసేది.

దడి నడుమ ఒక సందు వదిలారు, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత. సుశీలమ్మకు భర్త పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు, పొలం కౌలుకిచ్చేసింది. ఆమెకు రోజూ ఒక మనిషి ముఖం కనపడిందంటే ఆ సందు పుణ్యమే. బాలి కూలి నుంచి రాగానే "సుశీలక్కా, ఏం కూరొండినవే?" అంటూ దూరేది, వంటింటి గడప మీద చతికిలపడి నిన్న చెప్పిందే మళ్లీ చెప్పేది. సుశీలమ్మ విసుక్కునేది. విసుక్కోవడానికైనా ఒక మనిషి ఉండాలని అప్పటికామెకు తెలియదు.

మొన్న వేసవి చివర్లో మరిది మురళీకృష్ణ ఎర్రుపాలెం నుంచి భార్యతో చూడ్డానికి వచ్చాడు. వాళ్లు హాల్లో కూర్చుని ఉండగా బాలి కొంగులో చింతచిగురు వేసుకుని వచ్చి, అలవాటు ప్రకారం తిన్నగా వంటింట్లోకి పోయింది.

"ఏంటి వదినా, చెప్పాపెట్టకుండా వంటింట్లోకే వచ్చేస్తదా ఆవిడ?" అన్నాడు మరిది.

సుశీలమ్మ ఏమన్నా అనాల్సింది. అనలేదు. పైగా నవ్వింది. "ఏం చేస్తాంలే, అలవాటు పడిపోయింది" అంది. బాలి చిగురు చేటలో పోసి, గడప మీద కూర్చోకుండానే సందులోంచి వెళ్లిపోయింది.

మర్నాడు బాలి మేక ఒకటి ఇటొచ్చి చిక్కుడు మొలకలు కొరికింది. సుశీలమ్మ రెండు మోపుల రేగుకంప తెచ్చి సందులో కుక్కింది. మేకల కోసమే అని తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. ఆ మేకలు పదకొండేళ్లుగా ఇటొచ్చి మేస్తూనే ఉన్నాయి మరి! ఆ లెక్క మాత్రం వేసుకోలేదు.

బాలి అటునుంచి కేకేసి అడుగుతుందనుకుంది. ఆమె అడగలేదు. వానలు పడ్డాయి. తీగలు కంపను కూడా కప్పేశాయి. దారిన పోయేవాళ్లు "దడి భలే కుదిరిందమ్మా, గోడ కట్టించే పని తప్పింది" అని మెచ్చుకుంటుంటే సుశీలమ్మ తల ఊపేది. దొండ ఇటువైపే విరగగాసింది, అటు తోయబోతే చెయ్యి రాలేదు. కోసి వండితే ఒక్క మనిషికి ఎంతని తరుగుతుంది, సగం పారబోసేది. బాలి మేకలతో లంబాడీలో మాట్లాడుతుంటే ఇటు నిలబడి వినేది. మాటలు అర్థం కాకపోయినా వినేది.

భాద్రపదంలో నాలుగు రోజులు జ్వరంతో మంచాన పడింది. మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. బాలి దగ్గు వినిపిస్తూనే ఉంది, పిలిస్తే పలికేంత దూరంలో. పిలవడానికే సిగ్గు. ఆ మంచంలోనే ఆమెకు తెలిసొచ్చింది, తనకు ఈ లోకంలో ఉన్నది బాలి ఒక్కతేనని.

లేవగలిగిన రోజు పొద్దున్నే కొడవలి పట్టుకుని సందు దగ్గరికి పోయింది. తీగలు కోసి, ఎండిన కంపను ఒక్కొక్కటే లాగింది. చేతులు గీరుకుపోయాయి. మోపులు రెండూ తీశాక చూస్తే, వెనక వరసగా మూడు వావిలి మొక్కలు. ఛాతీ ఎత్తు పెరిగి, ఆకు మీద ఆకు వేసి ఉన్నాయి. తొలకరిలోనే, తను కంప పెట్టిన వారంలోనే బాలి గుచ్చి ఉంటుంది.

కొడవలి చేతిలోనే ఉంది, కానీ కొయ్యలేకపోయింది. అవి తను పెట్టినవి కావు.

స్నానం చేసి, చీర మార్చుకుని, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి బాలి ముంగిటికి పోయింది. ఇన్నేళ్లలో ఆ ముంగిలి వైపు నుంచి ఎన్నడూ వెళ్లలేదు. బాలి అరుగు మీద కందులు చెరుగుతోంది. చూసి లేచి నిలబడింది. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"కూసోండ్రమ్మా."

సుశీలమ్మ కూర్చుంది. "ఆ కంప మేకల కోసం పెట్టానే బాలీ."

"అవ్ మరి. మేకలు శాన ఆగం జేస్తయ్. నేను గూడ గందుకే వాయిలి పెట్టిన. మీకు తిప్పలుండొద్దని."

గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది, తను కాళ్లావేళ్లా పడి ఏడ్చేది.

"మేకల కోసం కాదే. ఆ రోజు మా మరిది అన్నదానికి నేను నవ్వాను. తప్పు చేశాను."

"ఇన్ననమ్మా. వంటింట్లనే ఉంటి గదా అప్పుడు." బాలి చేటను పక్కన పెట్టింది. "చాయ్ తాగుతరా?"

తాగుతానంది సుశీలమ్మ. బాలి కొత్త స్టీలు గ్లాసులో తెచ్చిచ్చి, గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు. తాగడం అయితే ఇక లేచి వెళ్లిపోవాలి గనక, సుశీలమ్మ చల్లారిపోయిన చాయ్‌ని గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఆ కుర్చీలోనే కూర్చుంది.